మైలపడిన తుపాకి

ఒకటో రోజు

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. దీని పేరు శాంతి దినచర్య. ఏం చేశానో, ఎవరితో ఏం మాట్లాడానో, కోపం వచ్చిందో లేదో, వస్తే ఎంతసేపు ఉందో పద్నాలుగు రోజుల పాటు రోజూ రాసి పంపాలి. పద్నాలుగో రోజున సమీక్ష జరుగుతుంది. అక్కడ నేను నోరు విప్పేదేమీ ఉండదు, నా బదులు ఈ పేజీలే మాట్లాడతాయట. అచ్చు తెలుగులో, అంటే పుస్తకాల తెలుగులో, రాయాలని షరతు. మా యాస రాస్తే చదివే యంత్రం తడబడుతుందట. నేను ఏడో తరగతి దాకా బాగానే చదివాను, అచ్చు తెలుగు నాకూ వచ్చు. మనుషులు మాట్లాడింది మాత్రం వాళ్ళు మాట్లాడినట్టే రాస్తాను. మా మద్దిలేటి "ఏమండీ" అన్నాడని రాస్తే మిట్టలో ఒక్కరు కూడా నమ్మరు.

నా పేరు ఓబుళమ్మ, వయసు యాభై నాలుగు. మా ఊరు ఎర్రమిట్టకు కాపరిని. అరవై మూడు ఇళ్ళకు ఒక తుపాకి, ఒక కాపరి, అది నిబంధన. ఈ రోజు తెల్లవారుజామున మంచునీరు పట్టే వలల కింద కుండలు మార్చి, మేకకు ఆకు వేసి, తుపాకి తుడుద్దామని చేతిలోకి తీసుకుంటే గుర్రం దగ్గర, అంటే వేలితో నొక్కే మీట దగ్గర, ఎర్రదీపం వెలుగుతోంది. గుర్రాన్ని వేలితో లాగి చూశాను. కదల్లేదు. ఆ వెంటనే గోడమీది తెరపై ఉత్తర్వు వచ్చింది. నావల్ల మనుషులకు ప్రమాదం ఉండవచ్చని సమాచారం అందిందట, అందుకని ముందు జాగ్రత్తగా తుపాకిని బిగించారట.

ఇలా బిగిస్తే మా వైపు తుపాకి మైలపడింది అంటారు. ఎవరైనా పోయిన ఇంట్లో పదకొండు రోజులు ఏదీ ముట్టుకోం కదా, అలాగన్న మాట. కానీ మైలలో ఉన్నవాళ్ళను ఇంట్లో కూర్చోనిస్తారు. ఈ తుపాకిని మాత్రం నేను పది అడుగుల దూరంలో ఎప్పుడూ ఉంచుకోవాలి, పోగొడితే అదొక నేరం. కాల్చనివ్వరు, వదలనివ్వరు.

చేలో వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టింది. ఇంకో పది పన్నెండు రోజుల్లో గింజ గట్టిపడుతుంది, ఆ వాసనకు పందులు వస్తాయి. కింద మూతబడ్డ మాంసం ఫ్యాక్టరీలో ఎండకు తట్టుకునేలా పెంచిన జాతి అది, అడవి పందులతో కలిసి ఇలా తయారైంది. ఎండ గంట కొట్టి మనుషులందరూ ఇళ్ళలో దూరిన మిట్టమధ్యాహ్నమే అవి చేలోకి దిగుతాయి. యంత్రాల చప్పుడులో పుట్టి పెరిగిన జాతి కాబట్టి తప్పెటకు బెదరవు. బెదిరేది ఒక్క తుపాకికే. పోయిన ఏడు జమ్మిమిట్టలో కాపరి జబ్బుపడితే పంటా పోయింది, ఇద్దరు మనుషులూ పోయారు.

కోపం వచ్చింది. వచ్చి ఇంకా పోలేదు.

రెండో రోజు

సాక్ష్యం పంపారు. తుపాకి మీద చెవి అని ఒక పూస ఉంటుంది, అది కాపరి మాటలన్నీ వింటుంది. తొంభై రోజుల్లో నేను అన్న ప్రమాదకరమైన మాటలు నలభై ఒకటి అని లెక్క తేల్చింది. మద్దిలేటి, అంటే నా పక్క ఇంటాయన, తప్పెట కొట్టే మనిషి, ఆ జాబితా తీసుకుని అరుగు మీద నలుగురికీ వినిపిస్తూ చదివాడు.

ఇంటి కప్పు మీది బోదె గడ్డి మేసిన మేకతో "నీ దుంప తెగ, మళ్ళా బోదె మేసినావా" అన్నానట. మద్దిలేటితోనే "నన్ను నవ్విచ్చి నవ్విచ్చి సంపుతాండావప్పా" అన్నానట. విత్తనాల ఆఫీసుతో "ఫారాలు అడిగి అడిగి నన్ను కాల్చుకు తింటాండారు" అన్నానట. పంతొమ్మిదో మాట దగ్గర మద్దిలేటి చదవలేక కూర్చుండిపోయాడు. మొక్కజొన్న కంకి వేసే వారంలో నేను "పొత్తులు రాని, మిట్ట మొత్తానికి కాల్చి పెడతా" అన్నాను. దాని ఎదురుగా యంత్రం "మిట్ట మొత్తాన్ని కాల్చే ఉద్దేశం" అని రాసుకుంది.

"ఓబుళక్కా, మమ్మల్నందర్నీ కాల్చి ఉప్పూ కారం గూడా పూచ్చావా?" అన్నాడు మద్దిలేటి. అరుగంతా నవ్వులే. నేనూ నవ్వాను, ఆ నవ్వు కూడా చెవిలో పడే ఉంటుంది.

కాల్చు అనే మాట మాకు ఒక్కటే. పొత్తు కాలుస్తాం, బీడీ కాలుస్తాం, ఇటుక కాలుస్తాం, తుపాకీ కాలుస్తాం. మనసు బాగాలేనప్పుడు ఒకరినొకరం కాల్చుకు తింటాం. ఆ యంత్రాన్ని పెంచినవాళ్ళు ఎప్పుడూ పొయ్యి దగ్గర కూర్చోలేదేమో.

నలభై మాటలు చదివాక కాగితం నేను లాక్కున్నాను. చివరి మాట ఎవరికీ వినిపించలేదు. అదేమిటో నాకు చూడకుండానే తెలుసు.

మూడో రోజు

దాచడం దేనికి, నలభై ఒకటో మాట ఇది. "వాడు ఈ మిట్ట ఎక్కితే కాల్చి పారేస్తా. పందిని కాల్చినట్ల కాలుస్తా." ఇందులో యంత్రం పొరబడింది ఏమీ లేదు. నేను అన్న అర్థమే అది రాసుకుంది.

వాడంటే తిరుపాలు, నా చెల్లెలు కుళ్లాయమ్మ మొగుడు. నాకు ముందు ఈ మిట్టకు వాడే కాపరి. పదిహేడేళ్ళ కింద ఒక సాయంకాలం, కూరలో ఉప్పు దగ్గర మొదలైన గొడవలో, కాపు తుపాకితోనే నా చెల్లెల్ని కాల్చాడు. వాళ్ళ కూతురు సుంకులమ్మకు అప్పుడు ఎనిమిదేళ్ళు. నేను దాన్ని తెచ్చుకుని పెంచాను. మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. తుపాకి ముట్టుకోవడానికి మిట్టలో ఒక్కరూ ముందుకు రాకపోతే దాన్నీ నేనే తీసుకున్నాను.

కుళ్లాయి పోవడానికి నెల ముందు నుంచే వాడు చంపేస్తానని అంటూ ఉండేవాడు. వీధంతా విన్నది, నేనూ విన్నాను. మొగుడన్నాక అనడా అనుకున్నాం. అందుకే, మాట వినగానే తుపాకి బిగించే చట్టం కావాలా వద్దా అని మిట్టమిట్టకూ అడిగినప్పుడు, ఇక్కడ అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. ఆ రోజు ఎవరైనా ఇంత ఎర్రదీపం వెలిగించి ఉంటే నా చెల్లెలు బతికేది. ఇప్పటికీ అదే అంటాను. ఆ దీపం నా మీద వెలిగినా అదే అంటాను.

శిక్ష ముగిసి వాడు పోయిన నెల బయటికి వచ్చాడు. సుంకికి ఉత్తరం రాశాడు. అది పోయి చూసివస్తానంది. అప్పుడు అరిచాను ఆ మాట. నిజంగా అనుకునే అన్నావా అని అడిగితే, అవును, ఒక్క నిమిషం నిజంగానే అనుకున్నాను. తర్వాత పొయ్యి మీద పాలు పొంగుతుంటే దించుకున్నాను.

ఉత్తర్వు కింద చిన్న అక్షరాల్లో ఇంకొకటి ఉంది. చెవి విన్నది ఒక్కటే చాలదట, అదే ఇంట్లో ఉండే మనిషి సంతకం కూడా ఉండాలట. పేరు మాత్రం చెప్పరు. మా ఇంట్లో నేను కాక ఉన్నది సుంకి, ఆ తర్వాత మేక. మేక సంతకం పెట్టదు.

నాలుగో రోజు

నేను అడగలేదు. కుండలు దించుతుంటే అదే వచ్చి ఎదురుగా నిలబడింది.

"పెద్దమ్మా, సంతకం పెట్టింది నేనే."

"తెలుసు."

"నాకు భయమాయ పెద్దమ్మా. ఆ పొద్దు నీ గొంతు మా నాయన గొంతు మాదిరే ఉన్నింది. మాటలు గూడా అవే. ఆ పొద్దు నేను తలుపు సందులో నిలబడి ఇన్న మాటలే."

"నన్ను జూసి భయపడినావా మే? నీ తల దువ్వినదాన్ని, నీకు జొరమొస్తే మూడు దినాలు వొళ్ళో పెట్టుకోని కుచ్చున్నదాన్ని."

"నాయన గూడా దువ్వినాడు పెద్దమ్మా."

ఒక క్షణం దాని చెంప పగలగొట్టాలనిపించింది, మరుక్షణం దగ్గరికి లాక్కోవాలనిపించింది. రెండూ చేయలేదు. నిజమే రాయమన్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. దాన్ని తప్పుపట్టలేను, నేను చెయ్యెత్తింది ఇలాంటి పిల్ల కోసమే కదా. కానీ నా ఇంట్లో, నా చేతి ముద్ద తిన్న పిల్ల నన్ను వాడి పక్కన నిలబెట్టిందే అని గుండె మండుతూనే ఉంది.

కాసేపటికి అదే ఏడుస్తూ అంది, "రెండు దినాలకే నాకు తెలిసిపాయ, నువ్వట్ల చేసేదానివి కావని. పొయ్యి వాపసు తీసుకుంటా. పందులొచ్చేలోపల తుపాకి ఇప్పిచ్చుకుంటా సూడు."

"పో, తీసుకో," అన్నాను.



ఆరో రోజు

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు. సుంకి నిన్న సమీక్ష కేంద్రానికి ఫిర్యాదు వాపసు తీసుకుంటానని చెప్పింది. ఈ రోజు జవాబు వచ్చింది. ఫిర్యాదు చేసిన మనిషి కాపరి ఇంట్లోనే, కాపరి పోషణలో ఉన్నందువల్ల ఈ వాపసు ఒత్తిడితో జరిగినదిగా భావిస్తున్నారట. ఋజువులు రెండు చూపించారు. ఒకటి, నాలుగో రోజు నేను "పో, తీసుకో" అనడం. రెండోది అదే రోజు దినచర్యలో నేనే రాసుకున్న మాట, చెంప పగలగొట్టాలనిపించిందని. దగ్గరికి లాక్కోవాలనిపించిందన్న మాట ఎక్కడా ఎత్తలేదు.

పద్నాలుగు రోజులను ఇరవై ఎనిమిది చేశారు.

సుంకి ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. "నేనే చెప్తాండా కదా పెద్దమ్మా, నాకు భయం లేదని. నా భయం గురించి నా మాట ఇనరా?" అంది. భయంగా ఉందన్నప్పుడు అర్ధగంటలో విన్నారు. భయం పోయిందంటే వినడానికి వాళ్ళ దగ్గర చెవి లేదు.

ఇరవై ఎనిమిదో రోజుకు చేలో తీగ కూడా మిగలదు.

ఎనిమిదో రోజు

ఎంతో ప్రాధేయపడితే కేంద్రంలో ఒక మనిషితో తెరమీద మాట్లాడించారు. ఆమె పేరు ప్రణవి. చిన్న వయసు, కళ్ళ కింద నల్లచారలు. కసురుకుంటుందేమోనని గట్టిగా సిద్ధపడి కూర్చున్నాను, కానీ ఆమె మంచిది. మంచిది కావడమే నా ప్రాణానికి వచ్చింది, పోట్లాడడానికి కూడా లేకపోయింది.

"ఓబుళమ్మ గారూ, మీ పేజీలన్నీ నేను చదివానండీ. నాకు అర్థమైంది," అంది.

"అర్థమైంటే ఇప్పండి తల్లీ. ఇంకో నాలుగు దినాలకు పందులొచ్చాయి."

"నాకు అర్థమైందని రాయడానికి ఈ ఫారంలో ఖానా లేదండీ. మాట అన్నారా లేదా, ఎన్నిసార్లు అన్నారు, ఇంట్లో సంతకం ఉందా, అంతే ఉంది. నలభై కొట్టేయమని నేను రాసినా ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కటీ మీరు నిజంగా అన్నారు కదండీ?"

"అన్నా."

"అన్నాక ఏం చేశారని అడిగే ఖానా కూడా లేదు."

పాలు దించుకున్నానని చెప్పాను. ఆమె తల వంచుకుంది. పోయిన ఏడాది ఇలాగే ఒకరిని నమ్మి విప్పిందట, ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పటినుంచి విప్పే అధికారం మనుషుల దగ్గర లేకుండా తీసేశారట.

"పోనీ తుపాకి మద్దిలేటి పేరు మీదికి మార్చండి," అన్నాను.

"మార్చొచ్చండీ. ముందు అరవై రోజులు ఆయన మాటలు వినాలి."

ఈ మాట చెబితే మద్దిలేటి తల పట్టుకున్నాడు. "అరవై దినాలు నా నోరు ఇన్యాంక తుపాకి కాదుగదా, నాకు ఎవురూ గుగ్గిళ్ళు గూడా పెట్టరక్కా," అన్నాడు. మామూలుగా అయితే పగలబడి నవ్వేదాన్ని. ఈసారి నవ్వు కూడా రాలేదు.

తొమ్మిదో రోజు

ఈ రోజు ఎవరినీ తిట్టలేదు. మేక మళ్ళీ బోదె మేసింది, "అట్ల మేయకూడదమ్మా" అన్నాను. అది నా ముఖం చూసి ఇంకో నోరు మేసింది. పళ్ళెం జారి కాలిమీద పడితే పెదవి కొరుక్కున్నాను. సుంకి అన్నం పెట్టుకుంటూ, "ఒకమాట తిట్టు పెద్దమ్మా, ఇల్లు ఇల్లు మాదిరి లేదు," అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఇంత మంచిగా ఎప్పుడూ లేదు, ఊరు మాత్రం బిక్కచచ్చిపోయి ఉంది.

పదో రోజు

దిగువ చేని గట్టున అడుగులు కనబడ్డాయి. పెద్దవి. ఒకటి నా అరచేయంత ఉంది.

అరుగు మీద అందరం కూర్చున్నాం. తుపాకి లేదు కాబట్టి ఎండ గంట కొట్టాక కూడా చేలో మనుషులు నిలబడాలి, తప్పెటలు, రేకు డబ్బాలు కొట్టాలి, బల్లేలు పట్టుకోవాలి అని తేల్చారు. ఆ ఎండలో అర్ధగంటకు మించి ఎవరూ నిలబడలేరు, అందుకని వంతులు వేశారు. దిగువ గట్టు ఎవరికని అడిగితే మనుషులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అడవి వైపు ఉండేది అదే.

"నేను పోతా," అంది సుంకి.

ఎందుకు పోతానంటోందో అందరికీ తెలుసు. తుపాకి మైలపడింది తన వల్లేనని దాని బాధ. అదే వెనకటి రోజైతే లేచి జుట్టు పట్టుకుని, "నీ కాళ్ళు ఇరగ్గొట్టి ఇంట్లో కూలేస్తా, కుచ్చోమే!" అని మిట్ట అదిరేలా అరిచేదాన్ని. అది కూర్చునేది. చిన్నప్పటినుంచి అలాగే కూర్చునేది. కానీ కాళ్ళు విరగ్గొడతానంటే అది నలభై రెండో మాట అవుతుంది. అదీ సంతకం పెట్టిన మనిషి మీద.

"వద్దులేమ్మా, నువ్వు పైగట్టుకు పో," అన్నాను మెల్లగా.

"ఏం కాదులే పెద్దమ్మా," అంది.

ఇంకోసారి మెల్లగానే చెప్పాను. మెల్లగా చెప్పిన మాటను మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ విన్నది లేదు, అదీ వినలేదు. నన్ను మాత్రం మంచె మీద కూర్చోమన్నారు, దూరం చూడగలను కాబట్టి. తుపాకి నా పక్కనే ఉండాలి కాబట్టి అది కూడా నాతో మంచె ఎక్కింది.

పదమూడో రోజు

నిన్న కూడా రాయలేదు. రాయలేదని ఇంకో గీత గీస్తారు, గీసుకోనీ.

నిన్న ఎండ గంట అయ్యాక రెండు గంటలకు దిగాయి. పదకొండు లెక్కపెట్టాను. పైగట్టు తప్పెటలు మోగాయి, సుంకి డబ్బా మోగింది. పందులు తల కూడా ఎత్తలేదు, తవ్వుకుంటూ తింటూ వచ్చాయి. "ఎనక్కి రామే!" అని అరిచాను. డబ్బా చప్పుడులో అది వినలేదు. ఒకటి, వీపు మీద రోమాలు లేని పెద్ద పోతు, డబ్బా చప్పుడు వైపు తిరిగింది. పరిగెత్తలేదు. నడుచుకుంటూనే పోయింది. సుంకి బల్లెం ముందుకు పెట్టింది, సరిగ్గానే పెట్టింది, నేను నేర్పినట్టే పెట్టింది. ఆ చేతులకు అంత బలమెక్కడిది?

నాకూ వాళ్ళకూ మధ్య అరవై అడుగులు ఉంటుంది. ఆ దూరంలో నేను గురి తప్పి ఎరగను. తుపాకి ఎప్పుడు భుజానికెత్తానో తెలియదు. పోతు మెడ గురిలో ఉంది. నొక్కాను. ఎర్రదీపం. మళ్ళీ నొక్కాను. సుంకి కిందపడింది. నొక్కుతూనే ఉన్నాను, ఏడుస్తూ, తుపాకిని బతిమాలుతూ, పళ్ళతో కొరుకుతూ. మంచె దిగి పరిగెత్తాలని తోచేసరికి మద్దిలేటి పోయి గునపంతో పోతు కంటిమీద పొడిచాడు. అది తిరిగి మిగతావాటితో కలిసి తినడానికి పోయింది.

సుంకి తొడ మోకాలి దగ్గరనుంచి పైకి చీలిపోయింది. నా కొంగు, మద్దిలేటి పంచె, తప్పెట తోలు తాడు, అన్నీ కట్టాం. నెత్తురు ఆగలేదు. ఆసుపత్రి గాలిబండి వచ్చేసరికి గంట దాటింది. ఆ గంటా దాని తల నా ఒళ్ళో ఉంది. బండిలో రోగి పక్కన ఒక్కరికే చోటు. నేను ఎక్కబోయాను. తలుపు నా ముఖం చూసి మూసుకుంది. నా పేరు మీద ఉత్తర్వు ఉందట.

చేలో వేరుశనగ ఏమైందో నేను చూడలేదు. అడిగినవాళ్ళకు పోయిందని చెప్పారు.

పదిహేనో రోజు

కొత్త ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

"పన్నెండో రోజు మధ్యాహ్నం, నిషేధంలో ఉన్న తుపాకిని ఫిర్యాదుదారు ఉన్న దిశగా గురిపెట్టి కాపరి పదహారు సార్లు గుర్రం నొక్కినట్టు నమోదైంది. పదహారు సార్లూ నిషేధం పనిచేసినందువల్ల ప్రాణనష్టం తప్పింది. కాపు హక్కు శాశ్వతంగా రద్దు. ఫిర్యాదుదారుకు రెండు కిలోమీటర్ల లోపలికి కాపరి వెళ్ళరాదు, కబురు పంపరాదు, ఆమె వివరాలు అడగరాదు."

ప్రాణనష్టం తప్పించారట. మద్దిలేటి, పైగట్టు మనుషులు పద్నాలుగు మంది, పంది ఉందని చెప్పడానికి పేర్లు రాసి పంపారు. సాక్షులను పిలిచే పద్ధతి ఈ ఉత్తర్వులో లేదని జవాబు. తుపాకి గురి కన్ను, అంటే దాని కెమెరా, తీసిన బొమ్మ చూపించమని ప్రణవి గారిని అడిగాం. ఆమె చూసిందట. బొమ్మలో పంది సగం, సుంకి సగం ఉన్నారట. "నాకు పందే కనిపించిందండీ," అంది ఆమె. "నేను చెబితే చెల్లదండీ."

తిరుపాలుకు కోర్టు ఉండింది. వకీలు ఉన్నాడు. న్యాయమూర్తి ఎదురుగా కూర్చుని వాడు చెప్పిందంతా రెండు రోజులు విన్నాడు. నేను సాక్ష్యం చెప్పిన రోజు వాడి వకీలు నన్ను గుచ్చి గుచ్చి అడిగితే ఒళ్ళు మండిపోయింది, హంతకుడికి ఇంత మర్యాదేమిటని. ఆ మర్యాద ఎందుకో ఇప్పుడు తెలిసింది. నాకు ఈ పేజీలే ఉన్నాయి.

ఆసుపత్రికి ఫోను చేశాను. నా గొంతు వినగానే లైను తెగిపోయింది.

పద్దెనిమిదో రోజు

మద్దిలేటి పట్నం పోయి వచ్చాడు. మా గడప దగ్గర నిలబడి చెప్పు విప్పుతూనే ఉన్నాడు, ఎంతసేపటికీ విప్పడం అవ్వదు.

"కాలు నిలబడుతుందంటక్కా. ఒకసారి కోసినారు, ఇంగోసారి కొయ్యాల. జొరముంది."

"ఎవరుండారు దాని దగ్గర? ఒంటిగా ఉండాదా?"

నేను అడగకూడదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన వచ్చాడు, నేను అడిగాను, ఇది కూడా రాస్తున్నాను. ఇక తీసేసుకోవడానికి నా దగ్గర మిగిలిందేముంది?

"దగ్గర బందువు ఉండాలన్నారంట ఆసుపత్రోళ్ళు. నీ పేరు ఎర్రగా వచ్చిందంట. నాయన పేరు తెల్లగా వచ్చింది, శిచ్చ అయిపాయ కదా. పిలిపిచ్చినారు."

"వాణ్నా?" అన్నాను.

"నాలుగు దినాల నుంచి మంచం పక్కనే కుచ్చోని ఉండాడు. ముసిలోడైపొయ్యినాడక్కా. నన్ను జూసి లేసి నిలబన్యాడు. ఏం మాట్లాడల్యా, ఒకటే అడిగినాడు." మద్దిలేటి చెప్పు విప్పి పక్కన పెట్టాడు. "పాప మాత్రలు మింగకుండా ఉమ్మేస్తాందంట. నర్సులు ఇసుక్కుంటాండారు. మాత్ర లోపలికి పోకుంటే జొరం దిగదంట. చిన్నప్పుడు ఎట్ల ఏసేవాళ్ళో వాళ్ళ పెద్దమ్మకు తెలిసింటాది, అడిగి చెప్పు అన్నాడు."

నా చెల్లెల్ని చంపినవాడు. నేను పదిహేడేళ్ళు అన్నం ముద్దతో పాటు దిగమింగిన పేరు. వాడికి నేను చెప్పాలి, నా బిడ్డకు మందు ఎలా వేయాలో. లేచి మంచినీళ్ళు తాగాను. మళ్ళీ తాగాను.

"రాసుకో," అన్నాను. "దానికి మాత్ర చేదు ముందు తెలుస్తుంది, అందుకే గొంతు మూసుకుంటాది. మాత్రను పొడి చేయొద్దను, పొడి చేస్తే వాంతి చేసుకుంటాది. రెండు ముక్కలు చేసి బెల్లంలో పెట్టి ఉండ చేయాల. ముందు ఒక గుక్క నీళ్ళు తాగిచ్చాల. మాత్ర అని చెప్పొద్దను. వీపు మీద చెయ్యేసి రాస్తా ఉంటే మింగుతుంది. చెయ్యి తీస్తే ఉమ్మేస్తుంది."

మద్దిలేటి చీటీ మీద అంతా రాసుకున్నాడు. పట్నంలో మంచి బెల్లం దొరకదు, అందుకని ఉట్టిమీది అచ్చు దించి ముక్కలు చేసి కాగితంలో పొట్లం కట్టాను. రోగి దగ్గర ఉండే మనిషి పేరు రాయకపోతే ఆసుపత్రి గేటు దగ్గరే ఆపేస్తారట. మద్దిలేటి కలం ఇవ్వబోయి, తానే రాస్తానన్నాడు. వద్దని నేనే తీసుకున్నాను. తిరుపాలు, సుంకులమ్మ తండ్రి, అని పొట్లం మీద రాసి ఇచ్చాను.